ముందు నలుగురు పిచర్లు, ఆ తరువాతే స్టార్

సంపాదకుల వారికి నమస్కారములు.

అమెరికా బేస్‌బాల్ జట్లు పిచర్లకు, అంటే బంతి విసిరేవారికి, చెల్లిస్తున్న డబ్బు గురించి మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసాన్నీ, దానిపై పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఐదు రోజులకు ఒక్కసారి బంతి పట్టే మనిషికి కోట్ల డాలర్లు ధారపోయడం అవివేకమని, అదే డబ్బుతో ముగ్గురు నలుగురు మామూలు పిచర్లను తెచ్చుకున్న జట్టే ఎప్పటికైనా గట్టెక్కుతుందని వ్యాసకర్త తేల్చేశారు. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ఆ మాటకే తలూపారు. గుంటూరు చుట్టుపక్కల పాఠశాలల్లో 31 సంవత్సరాలు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, అందులో 19 ఏళ్లు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ జట్లను తయారుచేసినవాడిగా నాకు ఆ తీర్పులో సగమే సరైనదిగా కనిపించింది. ఆ సగానికి కూడా వారు చూపిన కారణం సరైనది కాదు. అందువల్ల ఉత్తరం కాస్త పొడవైనా మన్నించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందు ఆ కారణం సంగతి. బేస్‌బాల్‌లో ఒక జట్టు తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఎదుటి జట్టువారిని, ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున, 27 సార్లు అవుట్ చేయాలి. ఐపీఎల్‌లో ఎంతటి బౌలరైనా 20 ఓవర్లలో నాలుగే వేయగలడు. బేస్‌బాల్‌లో అలాంటి హద్దు లేదు. మొదలుపెట్టిన పిచర్ చెయ్యి సహకరించినంతసేపు తానే వేస్తాడు, అయితే ఒకసారి జట్టులోంచి తప్పిస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగుపెట్టడానికి వీల్లేదు. అక్కడి అత్యున్నత పోటీ అయిన మేజర్ లీగ్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మంచి బ్యాటర్ వాటిలో 150 దాకా ఆడితే, పిచర్ 30కి కాస్త అటూ ఇటూగా మొదలుపెడతాడు. ఇక్కడివరకు చూస్తే వ్యాసకర్త మాట నిజమనే అనిపిస్తుంది. కానీ మ్యాచ్‌లను కాకుండా ఎదురుపడిన సందర్భాలను లెక్కపెట్టండి. రోజూ ఆడే బ్యాటర్‌కు రోజుకు నాలుగైదు చొప్పున ఏడాదికి సుమారు 650 సార్లు బ్యాటు పట్టే అవకాశం వస్తుంది. ఏడాదికి 180 ఇన్నింగ్స్ వేసే పిచర్ ఎదుర్కొనేది 700 పైచిలుకు బ్యాటర్లను. అంటే ఇద్దరూ చేసే పని పరిమాణం దాదాపు ఒక్కటే. ఒకరు దానిని రోజూ కొంచెం కొంచెంగా చేస్తారు, మరొకరు ఐదో రోజున ఒక్కసారిగా చేస్తారు. కాబట్టి పిచర్‌కు పని తక్కువ, జీతం ఎక్కువ అనే వాదన లెక్కకు నిలవదు.

ఇద్దరికీ తేడా ఆ పని భారం పడే చోటులో ఉంది. బ్యాటర్ భారం నడుము, కాళ్లు, మణికట్టు కలిసి మోస్తాయి. ఒకచోట నొప్పి పుడితే అతన్ని వేరే స్థానంలో నిలబెట్టవచ్చు, ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ ఒక్కటే చేయించవచ్చు. పిచర్ భారంలో పెద్ద వంతు మోచేతి లోపలి పక్కన ఉండే వేలెడంత లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) మీద పడుతుంది. పిచర్ నిలబడే చోటుకు, బ్యాటర్ ముందున్న ప్లేటుకు మధ్య దూరం 18.44 మీటర్లు. అంత దగ్గర నుంచి విసిరే ఫాస్ట్‌బాల్ (నేరుగా, వేగంగా వేసే బంతి) సగటు వేగం 2008లో గంటకు 91 మైళ్ల పైచిలుకు ఉండగా, 2024 నాటికి 94 మైళ్లు దాటింది. ఈ వేగం వెంట పరుగే గాయాలు పెరగడానికి ముఖ్య కారణమని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థే 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదికలో ఒప్పుకుంది. తెగిన లిగమెంటు స్థానంలో శరీరంలోని మరోచోట నుంచి తీసిన టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) అమర్చే శస్త్రచికిత్సను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశారు. ఆ చికిత్సకు అతని పేరే స్థిరపడింది. చేయించుకున్నవారు మళ్లీ మ్యాచ్‌లో బంతి పట్టడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

మా ప్రాంతపు రైతులకు ఇలాంటి బేరం కొత్తది కాదు. మిర్చి వేసే కౌలు రైతు ఎకరానికి ఇంతని కౌలు ముందే కడతాడు. 2021 చివర్లో నల్ల తామర పురుగు పడి పూత రాలిపోయినప్పుడు కట్టిన కౌలు ఎవరికీ వెనక్కి రాలేదు. మేజర్ లీగ్ ఒప్పందం కూడా అటువంటిదే; ఆటగాడు గాయపడి ఏడాదంతా ఇంట్లో కూర్చున్నా జీతం ఆగదు. స్టార్ పిచర్‌తో ఏడేళ్ల ఒప్పందం చేసుకోవడమంటే, పురుగు ఎప్పుడు పడుతుందో తెలియని ఒకే చేనుకు ఏడేళ్ల కౌలు ఒప్పుకుని సంతకం పెట్టడమే. చేను మంచిదా కాదా అనే ప్రశ్న వేరు. అది నిస్సందేహంగా మంచి చేనే కావచ్చు.

వాషింగ్టన్ నేషనల్స్ జట్టు ఈ బేరాన్ని రెండుసార్లు చేసింది. 2015 జనవరిలో మ్యాక్స్ షెర్జర్‌తో ఏడేళ్లకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అతను 2016లోనూ 2017లోనూ ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు, 2019లో జట్టు వరల్డ్ సిరీస్ (సీజన్ విజేతను తేల్చే ఆఖరి సిరీస్) గెలిచినప్పుడు ముందు నిలిచాడు. అదే సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు ఆ డిసెంబరులోనే ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ సంతకం తరువాత అతను వేసినవి ఎనిమిది మ్యాచ్‌లు, 31 పైచిలుకు ఇన్నింగ్స్. 2024లో ఆట నుంచి తప్పుకున్నాడు. భాగహారం చేస్తే ఒక్కో ఇన్నింగ్స్‌కు సుమారు 78 లక్షల డాలర్లు పడినట్టు. 2022లో ఆ జట్టు 107 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఒకే యాజమాన్యం, ఒకే రకం బేరం, ఇద్దరూ గొప్ప పిచర్లే. సంతకం చేసిన రోజున ఏది పండుతుందో, ఏది ఎండుతుందో చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

2023 వేసవిలో మా అబ్బాయి దగ్గరకు డల్లాస్ వెళ్లినప్పుడు, పక్కనే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ మ్యాచ్ ఒకటి చూశాను. స్టేడియంలోని దుకాణంలో 48 నంబరు చొక్కాలు వరుసగా వేలాడుతున్నాయి. అది జేకబ్ డిగ్రామ్ నంబరు. ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లతో తెచ్చుకున్న ఆ పిచర్ ఆ ఏడాది ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టి, జూన్‌లో మోచేతికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అతను లేకుండానే రేంజర్స్ ఆ ఏడాది తమ చరిత్రలో తొలి వరల్డ్ సిరీస్ గెలిచింది. రెండేళ్లకు 3.4 కోట్ల డాలర్లతో వచ్చిన నేథన్ ఇవాల్డి, సీజన్ మధ్యలో మరో జట్టు నుంచి మార్పిడిపై తెచ్చుకున్న జోర్డన్ మాంట్‌గోమరీ ఆ లోటును మోశారు. వ్యాసకర్త ఈ ఉదాహరణ ఇచ్చి ఉంటే వారి వాదనకు బలం వచ్చేది. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2025లో అదే డిగ్రామ్ 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు మూడు పరుగుల కన్నా తక్కువ సగటుతో ముగించాడు. పోయిందనుకున్న చేలో మూడో ఏట పంట వచ్చింది.

ఇక చౌక పిచర్ల సంగతికి వస్తాను. ఈ మాట దగ్గరే చర్చ దారి తప్పిందని నా అభిప్రాయం. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ జీతం 2025లో 8,75,000 డాలర్లు. ఆ ఏడాది అతని పరుగుల సగటు 1.97, సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చింది. ఒక పాఠకుడు ఇతన్నే చూపించి, తక్కువ డబ్బుతో గొప్ప పిచర్ దొరుకుతాడనడానికి ఇంతకంటే రుజువేమిటని అడిగారు. స్కీన్స్ చౌక పిచర్ కాడు. మేజర్ లీగ్ నిబంధనల ప్రకారం ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తిచేసేవరకు తనకు నచ్చిన జట్టుకు వెళ్లడానికి వీల్లేదు. మొదటి కొన్నేళ్లు జట్టు ఇచ్చినంతే పుచ్చుకోవాలి. అతని అసలు ఖరీదును నిబంధన అణిచిపెట్టింది, అంతే. అలాంటి కుర్రవాడు దొరకాలంటే 2023 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) మొదటి ఎంపిక హక్కు ఉండాలి, అప్పుడు కూడా బోనస్‌గా 92 లక్షల డాలర్లు ఇచ్చారు. పైగా అంతటి పిచర్ ఉండి కూడా పైరేట్స్ 2025లో 91 మ్యాచ్‌లు ఓడింది, పిచర్‌గా అతని పేరున నమోదైన లెక్క పది గెలుపులు, పది ఓటములు. అతను తన వంతు వేసి దిగిపోయాక మిగిలిన నాలుగు రోజులు ఎవరు వేస్తారు, పరుగులు ఎవరు తీస్తారు అనే ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి.

2002లో సుమారు నాలుగు కోట్ల డాలర్ల జీతాలతో 103 మ్యాచ్‌లు గెలిచిన ఓక్లండ్ జట్టును కూడా చౌకకు ఉదాహరణగా చెబుతుంటారు. ఆ జట్టులో టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అనే ముగ్గురు యువ పిచర్లు ఉండేవారు. జీటో ఆ ఏడాది 23 మ్యాచ్‌లు గెలిచి సై యంగ్ అవార్డు అందుకున్నాడు. వారు ముగ్గురూ స్టార్లే, ఇంకా స్టార్ జీతం అందుకునే వయసు రాలేదు. ఆ వయసు వచ్చాక 2006 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జీటోకు ఏడేళ్లకు 12.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. అక్కడ అతను 63 మ్యాచ్‌లు గెలిచి 80 ఓడాడు. జీటో విలువైన రోజులను ఓక్లండ్ వాడుకుంది, బిల్లును శాన్ ఫ్రాన్సిస్కో కట్టింది.

నిజంగా మధ్యరకం ధరకు దొరికే పిచర్లు వేరే ఉన్నారు, వారి గురించి మన పత్రికల్లో ఎక్కడా రాయరు. కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు 2023లో 106 మ్యాచ్‌లు ఓడింది. ఆ చలికాలం వారు సెత్ లూగోను మూడేళ్లకు 4.5 కోట్ల డాలర్లతో, మైకేల్ వాకాను రెండేళ్లకు 3.2 కోట్ల డాలర్లతో తెచ్చుకున్నారు. ఇద్దరూ ముప్ఫై దాటినవారు, ఇద్దరి పేర్లూ చొక్కాలు అమ్మించేవి కావు. 2024లో ఇద్దరూ కలిసి 373 ఇన్నింగ్స్ వేశారు. లూగో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో తనదైన అమెరికన్ లీగ్‌లో, సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. జట్టు 86 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌కు వెళ్లింది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ధరలు పోల్చి చూడాలి. లూగో, వాకా ఇద్దరి సగటు జీతం కలిపితే ఏడాదికి 3.1 కోట్ల డాలర్లు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పన్నెండేళ్లకు 32.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న యోషినోబు యమమోటో సగటు జీతం ఏడాదికి 2.7 కోట్లు. అంటే ఏడాది ఖర్చు చూస్తే చౌక పిచర్లనుకున్న ఇద్దరికే ఎక్కువ పడింది. అదే 2024లో యమమోటో భుజం నొప్పితో దాదాపు మూడు నెలలు దూరమై 90 ఇన్నింగ్స్ మాత్రమే వేశాడు. రాయల్స్ కొనుక్కున్నది ఒకరి బదులు ఇద్దరిని, పన్నెండేళ్ల బదులు రెండు మూడేళ్లను. ఒకరు పడిపోతే మరొకరు ఉంటారు, ఇద్దరూ పడిపోయినా ఆ భారం మూడో ఏటితో దిగిపోతుంది. చౌక బేరమనే దానిలోని అసలు విలువ ఇదే, ధర తగ్గడం కాదు. వ్యాసకర్త తీర్పులో సరైన సగం అని నేను అన్నది కూడా దీనినే.

ఆ రాయల్స్‌ను 2024 అక్టోబరు 10న ప్లేఆఫ్ నుంచి పంపించినవాడు ఎవరో కూడా చెప్పాలి. వాకాకు ఎదురుగా న్యూయార్క్ యాంకీస్ తరఫున దిగినవాడు, తొమ్మిదేళ్లకు 32.4 కోట్ల డాలర్లు అందుకుంటున్న గెరిట్ కోల్. ఏడు ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క పరుగు ఇచ్చాడు, యాంకీస్ 3-1తో గెలిచింది. మరుసటి మార్చిలో అదే కోల్ మోచేతికి శస్త్రచికిత్స జరిగి 2025 సీజన్ మొత్తం పోయింది. ఒకే చేతిలో ఐదారు నెలల వ్యవధిలో రెండు వాదనలకూ సాక్ష్యం దొరుకుతుంది.

తక్కువ ఖర్చుతో పిచర్లను తయారుచేయడంలో టాంపా బే రేస్ జట్టును మించినవారు లేరు. ఇతర జట్లు వదిలేసిన పిచర్‌ను తెచ్చి, అతనికి ఉన్న మూడు రకాల బంతుల్లో పనికిరాని దానిని మాన్పించి, పనికొచ్చే దానిని ఎక్కువగా వేయించి నిలబెడతారు. 2018 మేలో సెర్హియో రోమో అనే చివరి ఇన్నింగ్స్‌ల పిచర్‌తో మ్యాచ్ మొదలుపెట్టించి, ఒక్క ఇన్నింగ్స్ తరువాత అసలు పిచర్‌ను దింపే పద్ధతిని వారే వ్యాప్తిలోకి తెచ్చారు. 2023లో ముగ్గురు ప్రధాన పిచర్లు మోచేతి గాయాలతో పోయినా 99 మ్యాచ్‌లు గెలిచారు. వారి శిక్షకుల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో వారు చేసిన పనిని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. వారి పిచర్ బ్లేక్ స్నెల్ ఆరో ఇన్నింగ్స్ మధ్యలో ఉన్నాడు. వేసినవి 73 బంతులు, ఇచ్చినవి రెండు హిట్లు (బ్యాటర్ కొట్టి బేస్ చేరినవి), తీసినవి తొమ్మిది స్ట్రైకవుట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అయిన అవుట్లు). జట్టు 1-0 ఆధిక్యంలో ఉంది. ఒకే మ్యాచ్‌లో పిచర్‌ను మూడోసారి చూసే బ్యాటర్లు బాగా కొడతారనే లెక్క ప్రకారం మేనేజర్ వచ్చి అతని చేతిలోంచి బంతి తీసుకున్నాడు. తరువాత వచ్చిన నిక్ ఆండర్సన్ బంతిని డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే డాడ్జర్స్ ముందుకు వెళ్లింది, 3-1తో సిరీస్ ముగిసింది. 162 మ్యాచ్‌లకు సరిపోయే లెక్కను ఒక్క రాత్రికి వాడారు. సగటు నిజమే కావచ్చు, కానీ ఆ రాత్రి మైదానంలో ఉన్నది సగటు పిచర్ కాదు. నాలుగేళ్ల తరువాత ఆ స్నెల్‌నే ఐదేళ్లకు 18.2 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నది, ఆ రాత్రి అతన్ని ఎదురుగా చూసిన డాడ్జర్సే.

ప్లేఆఫ్‌లు జరిగే అక్టోబరు లెక్క వేరని గ్రహించడమే ఇందులో ముఖ్యం. సీజన్‌లో స్టార్ పిచర్ వాటా ఐదో వంతు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ప్రయాణాల కోసం మధ్యలో సెలవులు వస్తాయి, ఐదో పిచర్ అవసరమే ఉండదు, స్టార్ రెండు మ్యాచ్‌లు మొదలుపెట్టి అవసరమైతే మూడోదానిలోనూ దిగవచ్చు. అదే మనిషి, అదే జీతం, వాటా మాత్రం రెట్టింపుకు చేరుతుంది. 2025లో మిల్వాకీ బ్రూవర్స్ పెద్ద జీతాలు లేకుండానే 97 మ్యాచ్‌లు గెలిచి లీగ్ మొత్తంలో అగ్రస్థానంలో నిలిచింది. ప్లేఆఫ్‌లో డాడ్జర్స్ ఎదురుపడగానే మొదటి మ్యాచ్‌లో స్నెల్ ఎనిమిది ఇన్నింగ్స్‌లలో ఒక్క హిట్ ఇచ్చాడు, రెండోదాన్ని యమమోటో మొదటి నుంచి చివరిదాకా తానే వేశాడు, నాలుగోదానిలో, బ్యాటింగ్ కూడా చేసే పిచర్ షోహెయ్ ఒహ్తానీ పది స్ట్రైకవుట్లు తీసి మూడు హోమ్ రన్లు కొట్టాడు. బ్రూవర్స్ నాలుగూ ఓడింది. సీజన్ అంతటినీ నిలబెట్టిన పద్ధతి నాలుగు మ్యాచ్‌లలో చాలలేదు.

టొరాంటో బ్లూ జేస్‌తో జరిగిన ఆ ఏటి వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ మనకు నవంబరు 2, ఆదివారం తెల్లవారుజామున మొదలైంది. ముందు రోజే యమమోటో ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసి జట్టును గెలిపించాడు. అంతకుముందు రెండో మ్యాచ్‌ను పూర్తిగా తానే వేసి గెలిపించాడు. ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమంగా ఉన్నప్పుడు, ఒక్క రోజు కూడా విశ్రాంతి లేకుండా అతను మళ్లీ వచ్చాడు. మరో 34 బంతులు వేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో డాడ్జర్స్ గెలిచింది, సిరీస్‌లోని నాలుగు గెలుపుల్లో మూడు అతని పేరనే నమోదయ్యాయి. పన్నెండేళ్ల ఒప్పందంలో మిగతా ఏళ్లు ఎలా ఉన్నా, ఆ డబ్బు వృథా అనగలవారు ఆ మ్యాచ్ చూడలేదని అనుకుంటాను. నేను కుర్చీ అంచున కూర్చుని చూశాను, అతను గెలవాలని కోరుకున్నాను, కానీ అతను వేసిన ప్రతి బంతికీ నా దృష్టి అతని మోచేతి మీదనే ఉంది. దానికి కారణం నా జీవితంలో ఉంది.

చాలా ఏళ్ల కిందట అంతర్ జిల్లా పాఠశాలల పోటీలకు ఒక జట్టును తీసుకువెళ్లాను. తెనాలి వైపు పల్లెటూరి నుంచి వచ్చిన పదిహేనేళ్ల కుర్రవాడు ఒకడు ఉండేవాడు. వాడి బంతి క్యాచర్ (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టేవాడు) గ్లవ్‌లో పడినప్పుడు వచ్చే చప్పుడుకు పక్క కోర్టులో కబడ్డీ ఆడేవారు తిరిగి చూసేవారు. మిగతా ముగ్గురికి బంతి ఇస్తే గురి తప్పిన బంతులతో బ్యాటర్లను ఊరికే మొదటి బేస్‌కు పంపుతున్నారని, ఆ పోటీల్లో మూడు రోజులూ వాడితోనే వేయించాను. మూడో రోజు ఉదయం బస చేసిన బడి గది గుమ్మం దగ్గర వాడు తల దువ్వుకుంటున్నాడు, ఎడమ చేత్తో. వాడు కుడిచేతి వాటం వాడు. కుడి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఏమిట్రా అని అడిగితే, "ఏం లేదు సార్, కొంచెం పట్టేసింది, వేస్తాను" అన్నాడు. నేను చూశాను, నాకు అర్థమైంది, అయినా ఆ రోజు ఫైనల్లో బంతి వాడికే ఇచ్చాను. నాలుగో ఇన్నింగ్స్‌లో వాడు బంతి వదిలి మోచెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు. తరువాత మళ్లీ పిచింగ్ చేయలేదు. ఆ మూడు రోజుల్లో వాడు ఎన్ని బంతులు వేశాడో నాకు ఈనాటికీ తెలియదు, ఎందుకంటే నేను లెక్కపెట్టలేదు. యమమోటో అప్పటికి 27 ఏళ్ల మనిషి, పక్కన వైద్యులున్నారు, చెయ్యి విరిగినా ఆగని జీతం ఉంది, దిగడమా మానడమా అనేది తానే నిర్ణయించుకోగలడు. మా పిల్లవాడికి వీటిలో ఏదీ లేదు. వాడికి బదులుగా నిర్ణయించవలసిన పెద్దమనిషిని నేనే.

ఆ జట్టును కూర్చడంలోనే నా తప్పు ఉంది. స్టార్ దొరికాడన్న సంతోషంలో మిగతా ముగ్గురినీ తయారుచేయడం మానేశాను. వారు గురి తప్పి వేస్తున్నారని పక్కన పెట్టాను తప్ప, రోజుకు ఇరవై నిమిషాలు వారి మీద పెట్టలేదు. కోట్ల డాలర్ల జట్టుకైనా, బూట్లు అరువు తెచ్చుకునే బడి జట్టుకైనా ఈ లెక్క మారదు. స్టార్ విలువ అతను లేని రోజున ఎవరున్నారనే దాన్నిబట్టి ఉంటుంది. డాడ్జర్స్ 2024లో యమమోటో మూడు నెలలు లేకపోయినా నిలబడి టైటిల్ గెలిచింది కాబట్టే, 2025లో అతను వారికి అంత అక్కరకొచ్చాడు.

నన్నడిగితే, మేజర్ లీగ్ జట్టు 26 మందిలో 13 మందికి మించి పిచర్లను ఉంచుకోవడానికి వీల్లేదు గనుక, ఆ 13లో మొదట నలుగురిని, ఒక్కొక్కరు ఏడాదికి 150 ఇన్నింగ్స్ మోయగలవారిని, రెండు మూడేళ్ల ఒప్పందాలతో చూసుకోవాలి. అంతకుముందే స్టార్‌ను కొనే జట్టు, గోడలు లేకుండా సింహద్వారం కొన్నట్టే. 80 మ్యాచ్‌లు గెలవలేని జట్టుకు అక్టోబరే రాదు, అక్టోబరు రానప్పుడు స్టార్‌కు రెట్టింపయ్యే వాటా కూడా రాదు. 90కి పైగా గెలుస్తూ ప్లేఆఫ్‌లో ఒక్క అడుగు దూరంలో ఆగిపోతున్న జట్టు మాత్రం డబ్బు దాచుకుని కూర్చోవడం తప్పు. 2025లో విలాస పన్ను 24.1 కోట్ల డాలర్ల జీతాల మొత్తం దాటితే పడేది. కోల్ లాంటి పిచర్ ఏడాదికి 3.6 కోట్లతో అందులో దాదాపు ఏడో వంతు తీసుకుంటాడు. ఆ స్థితిలో ఉన్న జట్టు ఆ ఏడో వంతు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. అయితే ఒప్పందం ఐదేళ్లకు మించకూడదని, మించితే ఆ అదనపు ఏళ్లలో అతను ఆడడనే లెక్కతోనే సంతకం చేయాలని నా అభిప్రాయం. వ్యాసకర్త ఐపీఎల్ వేలాన్ని ఇందులోకి తెచ్చారు గానీ, అక్కడ అందరికీ ఒకే పర్సు, బౌలర్‌కు నాలుగే ఓవర్లు. రెండింటికీ ఒకే కొలబద్ద సరిపోదు.

మీ పత్రికకు ఒక విన్నపం. పిచర్ ఒప్పందం గురించి వార్త వేసినప్పుడు డాలర్ల అంకెతో పాటు అతను కిందటి మూడేళ్లలో ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో కూడా ఒక్క వాక్యంలో వేయండి. ఆ రెండో అంకె లేకుండా మొదటి అంకె పెద్దదో చిన్నదో పాఠకుడికి తెలియదు. మన జిల్లా పోటీల వార్తల్లో కూడా ఎవరు గెలిచారన్న దానితో పాటు పిచర్ వేసిన బంతుల సంఖ్య వేయగలిగితే, నిర్వాహకులు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అమెరికాలో పిల్లల కోసం మేజర్ లీగ్ వారు 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 15, 16 ఏళ్లవారు రోజుకు 95 బంతులకు మించకూడదు; 75 దాటితే నాలుగు రోజులు బంతి ముట్టకూడదు. మన పోటీలు మూడు రోజుల్లో ముగిసిపోతాయి గనుక, ఈ నియమం పాటించాలంటే ప్రతి జట్టూ ముగ్గురు నలుగురు పిచర్లతో రాక తప్పదు.

పదవీ విరమణ తరువాత కూడా సాయంత్రాలు మా పేటలోని మైదానంలో పిల్లలకు నేర్పుతున్నాను. ఇప్పుడు గీతలు కొట్టిన నోటు పుస్తకం ఒకటి నా సంచిలో ఉంటుంది. పేరు, తేదీ, వేసిన బంతులు, మళ్లీ ఎప్పుడు వేయవచ్చు, ఇవే అందులోని గడులు. ఈ ఏడు పుస్తకంలో నాలుగు పేర్లున్నాయి. అందరికన్నా వేగంగా వేసే కుర్రవాడి పేరు రెండోది. మొదటిది, నిదానంగా వేసినా బంతిని అడిగిన చోట పెట్టగలిగే అబ్బాయిది. పద్నాలుగేళ్ల నాలుగోవాడు మొన్న మంగళవారం 42 బంతులు వేశాడు. బుధవారం సాయంత్రం వచ్చి బంతి కావాలని అడిగాడు. పుస్తకం తెరిచి శుక్రవారం గడి చూపించి, క్యాచర్ గ్లవ్ ఇచ్చి కూర్చోబెట్టాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.